పారబోయకుండా నడిపిన మనిషి

మా మామయ్య పోయారు. పోయిన నెల ఒక సోమవారం, నేను నేరేడుచర్ల బడిలో ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుంటే మా ఆయన ఫోన్ చేశారు. బడి వేళల్లో ఆయన ఎప్పుడూ చేయరు. "నాన్న లేడు" అన్నారు, అంతే. టీ తాగి, పేపరు ఒళ్లో పెట్టుకొని, వరండాలో కుర్చీలో కూర్చున్నట్టే వెళ్లిపోయారట. ఇంకో కప్పు కావాలా అని అత్తమ్మ అడగడానికి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.

ఈ నాలుగు మాటలు రాయడానికి కూర్చున్నప్పుడు ఏడుపొస్తుందనుకున్నాను. వచ్చింది కూడా. కానీ ఆయన్ని తలుచుకున్న ప్రతిసారీ ఏడుపుకన్నా ముందు ఒక హుషారు పుట్టుకొస్తోంది. నేనేం చేయను? నాకు తెలిసిన మామయ్య హుషారైన మనిషి. ఆ మనిషిని నాకు పరిచయం చేసింది ఒక పాత కారు.

మామయ్య మిర్యాలగూడ డిపోలో బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యారు. ఏ డ్రైవరు లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు తెచ్చాడో అక్కడ నెలనెలా బోర్డు మీద రాసేవారు. పైవరుసలో మామయ్య పేరు లేని నెల తమకు గుర్తు లేదని ఆయన తోటివాళ్లు ఇప్పటికీ చెబుతారు. మనిషికి ఏదన్నా గర్వం ఉందంటే అదొక్కటే. "బ్రేకు తొక్కుడంటే ఏందనుకున్నరు? డీజిలు తీస్కపోయి రోడ్డు మీద పారబోసుడే" అనేవారు. నేను కోదాడ నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చేనాటికే ఆయన రిటైరయ్యారు. చాలా ఏళ్లు మా మధ్య మాటలంటే "అన్నం తిన్నారా మామయ్యా", "తిన్న బిడ్డా", అంతవరకే. ఆయన వరండాలో, నేను వంటింట్లో.

నాకు నేరేడుచర్లకు బదిలీ అయ్యాక రోజూ బస్సు, అది దొరక్కపోతే షేర్ ఆటో. మా ఆయన దామరచర్ల పవర్ ప్లాంటులో షిఫ్టుల మీద పనిచేస్తారు, నన్ను దింపే వీలుండదు. కారు కొందామనుకున్నాం. పెట్రోలు ఖర్చు తలుచుకొని మళ్లీ వద్దనుకున్నాం. అలాంటప్పుడు సూర్యాపేటలో ఒక ఆఫీసరు బదిలీ మీద వెళ్లిపోతూ తన హైబ్రిడ్ కారు అమ్ముతున్నారని తెలిసింది. పెట్రోలు ఇంజనుతో పాటు లోపల ఒక పెద్ద బ్యాటరీ, ఒక మోటారు ఉంటాయి. ప్లగ్గు పెట్టి చార్జి చేయక్కర్లేదు, నడుస్తూనే తన కరెంటు తనే తయారు చేసుకుంటుంది. అయితే అప్పటికే బాగా తిరిగిన బండి.

కోదాడలో మా అన్నయ్యకు డీజిలు కారు ఉంది, దానిమీద ప్రాణం. విషయం చెప్పగానే ఫోన్లోనే గయ్యిమన్నాడు. "వద్దే చెల్లీ! పాత హైబ్రిడ్ అంటే ముసలి ఏనుగును కొనుక్కోవడమే. బ్యాటరీ పోయిందనుకో, నీ జీతమంతా దానికే పోయాలి."

మా ఆయన ఎటూ తేల్చలేక, "నాన్నను తీస్కపోయి సూపియ్యి. బండి సంగతి ఆయనకు తెల్సినట్టు ఇంకెవరికి తెలుస్తది?" అన్నారు.

అలా నేను, మామయ్య మొదటిసారి కలిసి ప్రయాణం చేశాం, సూర్యాపేటకు, బస్సులో.

ఆఫీసరు గారు కారును తళతళా కడిగించి పెట్టారు. మామయ్య రంగు వైపు చూడనే లేదు. కింద కూర్చొని టైర్ల మీద ఈ అంచు నుంచి ఆ అంచుదాకా అరచేయి పెట్టి రాశారు. తర్వాత చక్రం సందులోంచి బ్రేకు కేసి చూసి, ఇంకోవైపు వెళ్లి అక్కడా చూసి, నన్ను పిలిచారు.

"బిడ్డా, గిటు రా. ఇంత తిరిగిన బండికి బ్రేకులు అరగలే సూడు!"

"అవి మొదటినుంచీ ఉన్నవేనండీ, ఒక్కసారి కూడా మార్చలేదు" అన్నారు ఆఫీసరు గారు.

మామయ్య నమ్మలేదు. "నడిపినోడన్నా దేవుడు గావాలె, లేకుంటె బండిల ఏదో మర్మం ఉండాలె" అని ముందు సీట్లో ఎక్కి కూర్చున్నారు. నేను వెనక. బజారు రోడ్డు మీదికి వచ్చాక ఆఫీసరు గారు బ్రేకు వేశారు. డ్యాష్‌బోర్డు మీది చిన్న తెరలో ఒక ఆకుపచ్చ బాణం చక్రాల దగ్గర బయలుదేరి బ్యాటరీలోకి పోయింది.

"ఇదేంది సారు?"

"బ్రేకు వేసినప్పుడు చక్రాల ఊపు కరెంటుగా మారి బ్యాటరీలో చేరుతుందండీ. అందుకే ప్యాడ్లు అరగవు."

"మల్లొక్కసారి వెయ్యుండ్రి."

వేశారు. బాణం పోయింది.

"మల్లొక్కసారి."

వెనక ఆటోవాళ్లు హారన్లు మోగిస్తున్నారు. మామయ్య సీట్లోంచి పూర్తిగా నా వైపు తిరిగారు. ఆ ముఖం నేనెప్పుడూ చూడలేదు. చేతి మీద పిచ్చుక వాలిన పసిపిల్లాడి ముఖంలా ఉంది.

"బిడ్డా! బతుకంత పారబోసిన గదనే! గీ బండి దోసిలి పట్టి మల్ల ఎత్తుకుంటున్నది!"

అయినా మోజులో పడి కొనేయలేదు ఆయన. హైబ్రిడ్ బండ్లు తెలిసిన వర్క్‌షాపులో బ్యాటరీని పరీక్ష చేయించి, బాగుందని చెప్పాకే సరేనన్నారు. తిరుగు ప్రయాణంలో ఆయనే నడిపారు. మిర్యాలగూడ చేరేదాకా మాట ఆపలేదు. పెళ్లై వచ్చినప్పటినుంచి మాట్లాడినదంతా కలిపినా ఆ రోజు మాట్లాడినంత ఉండదు.

నాకు లైసెన్సు ఉందిగానీ ధైర్యం లేదు. మామయ్య రోజూ నా పక్కన కూర్చొని నేరేడుచర్ల దాకా వచ్చేవారు. బడి వదిలేదాకా స్నేహితుడి రైసుమిల్లులో కబుర్లు చెప్పుకుంటూ కూర్చొని, సాయంత్రం నాతో తిరిగొచ్చేవారు. మొదటిరోజే నా చెప్పులు విప్పించారు. "కాలుకు పెడలు తెల్వాలె. నడుమ చెప్పెందుకు?" అన్నారు.

ఆయన పాఠాలు అరుపులు లేని పాఠాలు. "ముందు బండిని సూడకు బిడ్డా, దాని ముందు బండిని సూడు." "ఆగాల్సి వస్తదని తెల్సినంక ఇంకా తొక్కుడెందుకు? కాలు తియ్యి." నేను దూరంలో బర్రెల్ని చూసి కాలు తీసేదాన్ని, బండి తనంతట తాను నెమ్మదిస్తూ బ్యాటరీలో కరెంటు నింపుకునేది. ఆకుపచ్చ బాణం కనిపిస్తే "ఆఁ! వచ్చింది, వచ్చింది!" అని తొడ మీద చరుచుకునేవారు. ఇద్దరం కలిసి కొత్త సంగతులు కనిపెట్టేవాళ్లం. రాత్రి చదివింది పొద్దున నేను చెబితే ఆయన కాసేపు స్టీరింగు తీసుకొని తన కాలితో పరీక్షించి తేల్చేవారు. నత్తలా బయలుదేరితే లాభం లేదనీ, కాస్త చురుగ్గానే వేగం అందుకొని, తర్వాత కాలు తేలిక చేస్తే ఇంజను ఆగిపోయి మోటారు ఒక్కటే లాక్కుపోతుందనీ అలాగే తెలిసింది. ఎండెక్కకముందే టైర్లలో గాలి చూసేవారు. డిక్కీలో అనవసరమైన బరువు ఉండనిచ్చేవారు కాదు. అత్తమ్మ గుడి కోసం కొన్న కొబ్బరికాయలు దింపడం మరిచిపోతే, "దేవుడివైనా బరువు బరువే" అని దింపించారు.

సాయంత్రం ఇంటి ముందు ఆపగానే సీటు బెల్టు తీయకముందే తెర మీదికి వంగేవారు. "ఇయ్యాల ఎంత?" లీటరుకు వచ్చిన కిలోమీటర్లు నిన్నటికన్నా ఒక్క పాయింటు పెరిగినా గేటు దగ్గరనుంచే అత్తమ్మకు కేకవేసి చెప్పేవారు.

"మనుమనికి పరీక్షల ఎన్ని మార్కులొచ్చినయో తెల్వదు గని, కారు మార్కులు మాత్రం దినాం చెప్తడు ఈయన" అనేది అత్తమ్మ.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మంకుపట్టు. ఏసీ వేయనిచ్చేవారు కాదు. "ఏసీ తాగుబోతు. పెట్రోలు తాగుతది. అద్దాలు దించు" అనేవారు. నేను చీర కొంగుతో విసురుకుంటూ నడిపేదాన్ని.

ఆ ఏడు మే నెలలో కోదాడలో మా అన్నయ్య గృహప్రవేశం. నేను, మామయ్య, అత్తమ్మ బయలుదేరాం. వెనక సీటు నిండా బట్టల సంచులు, కానుకగా కొన్న గిన్నెలు. అత్తమ్మ నడుముకు మెత్తగా ఉంటుందని మామయ్య జంపఖానా మడిచి వేశారు. అద్దాలు దించి వెళ్తున్నాం, బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. కానీ తెర మీద సగటు అంతకుముందెన్నడూ లేనంత పైకి పోతోంది! మామయ్య ప్రతి ఊరు దాటగానే చదివి వినిపిస్తున్నారు. "ఇయ్యాల మీ అన్న మొహం సూడాలె" అన్నారు.

హుజూర్‌నగర్ దాటాక డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగింది. కారు బలం పోయి ఈడ్చుకుంటున్నట్టు నడిచింది. ఎలాగో పందిరి ముందుకు చేర్చాను. చుట్టాలందరి ముందూ అన్నయ్య నడుం మీద చేతులు పెట్టుకొని, "చెప్పానా లేదా?" అన్నాడు. వాడికి తెలిసిన మెకానిక్ విందుకొచ్చి ఉన్నాడు. బానెట్ కూడా ఎత్తకుండా, లైటు చూసి, "బ్యాటరీ పోయిందండి. కొత్తది వేయించాల్సిందే" అని చేతులు దులుపుకున్నాడు. మా ఆయనకు ఫోన్ చేస్తే, "వచ్చిన కాడికి అమ్మేద్దాం, ఈ పరేషాన్ మనకొద్దు" అన్నారు.

మామయ్య పందిట్లో చివరి కుర్చీలో కూర్చొని ఉన్నారు. భోజనానికి లేవలేదు. నేను పళ్లెం తీసుకెళ్తే పక్కన పెట్టేశారు.

"నా మాట నమ్మి కొంటివి బిడ్డా. నిన్ను ముంచిన."

ఆ మాటకు నాకు కోపం, ఏడుపు రెండూ వచ్చాయి. కారులోంచి బండితో పాటు వచ్చిన పుస్తకం తెచ్చి ఆయన పక్కనే కూర్చున్నాను. అందులో బ్యాటరీ గురించి రాసిన పేజీ తీసి, ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఒక్కో ముక్కా తెలుగులో చెప్పాను. "బ్యాటరీకి కూడా ఊపిరి ఆడాలట మామయ్యా. వెనక సీటు పక్కన ఒక జాలీ ఉంటుందట. కారు లోపలి గాలిని అందులోంచి పీల్చుకొని చల్లబడుతుందట. దాన్ని మూయకూడదట. దుమ్ము పట్టనివ్వకూడదట."

మామయ్య చటుక్కున లేచారు. ఇద్దరం కారు దగ్గరికి వెళ్లి సంచులన్నీ దించాం. జంపఖానా లాగితే, సరిగ్గా దాని వెనకే ఉంది జాలీ. ఊడదీసి చూస్తే లోపలి వడపోత మీద మిర్యాలగూడ రైసుమిల్లుల ఊక దుమ్ము, నూలు పోగులు కలిసి మందంగా రొట్టెలా అతుక్కుపోయి ఉన్నాయి.

మామయ్య అలాగే నేల మీద కూలబడ్డారు. కాసేపటికి భుజాలు కదులుతుంటే ఏడుస్తున్నారనుకున్నాను. నవ్వుతున్నారు! కళ్లలోంచి నీళ్లు కారుతుండగా నవ్వుతున్నారు.

"నేనే బిడ్డా! నేనే దాని ముక్కు మూసి ఎండల ఉరికిచ్చిన. ఏసీ బందువెట్టి ఉడుకుగాలి తాగిపిచ్చిన. పానం ఉన్నదైతే తిట్టిపోసేది నన్ను!"

కొత్తింటికి రంగులేసినవాళ్లు వదిలిపోయిన మెత్తని బ్రష్షు తెచ్చి ఆ వడపోతను ఆయనే దులిపారు. ఇంకా లోపలికి విప్పుదామని చూస్తే నేను చెయ్యి పట్టుకున్నాను. నారింజ రంగు తీగలున్న చోట మనం ముట్టుకుంటే ప్రాణాలకే ప్రమాదమని అదే పుస్తకంలో ఉంది. "సరే టీచరమ్మా" అని వెనక్కి తగ్గారు. మర్నాడు పొద్దున చల్లటి వేళ, ఏసీ వేసుకొని, నెమ్మదిగా సూర్యాపేట వర్క్‌షాపుకు తీసుకెళ్లాం. వాళ్లు లోపలి ఫ్యాను విప్పి శుభ్రం చేసి, కంప్యూటరు తగిలించి బ్యాటరీలోని ఒక్కో గడినీ విడివిడిగా పరీక్షించారు. నేను, మామయ్య బల్ల మీద పక్కపక్కన, ఆపరేషన్ గది ముందు చుట్టాల్లా కూర్చున్నాం. మెకానిక్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"బ్యాటరీకి ఏం కాలేదు. వేడెక్కి మొరాయించింది అంతే. ఇది మాత్రం ఏడాదికోసారి శుభ్రం చేపియ్యాలె. మీది మిల్లుల ఊరు కాబట్టి ఇంకా ముందే చేపియ్యుండ్రి."

మామయ్య ఆ కుర్రవాడి రెండు చేతులూ పట్టుకొని ఊపేశారు. ఆ రోజునుంచి బండి ఎక్కగానే ఏసీ ఆయనే వేసేవారు. ఎవరైనా నవ్వితే, "ఏసీ బండికి. మనకు గాదు" అనేవారు గంభీరంగా.

అన్నయ్య మాత్రం వదల్లేదు. "రిపేరైతే అయింది, మైలేజీ ఉత్త మాట" అన్నాడు. వానలు పడి వరి పచ్చబడ్డాక పందెం పెట్టుకున్నాం. మిర్యాలగూడలో ఒకే బంకులో రెండు బండ్లకూ ట్యాంకు నిండుగా పోయించుకోవాలి. అక్కడినుంచి సూర్యాపేట, సూర్యాపేట నుంచి హైవే మీద కోదాడ, కోదాడ నుంచి హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా మళ్లీ అదే బంకు. మళ్లీ నింపినప్పుడు ఎవరికి ఎక్కువ పడితే వాళ్లింట్లో నాటుకోడి కూర.

మా బండి నడపాల్సింది మామయ్య అనుకున్నారందరూ. ఆయన తాళం నా చేతిలో పెట్టారు. "బండి నీది. బడి నీది. పందెం గూడ నీదే" అన్నారు. నేను చెప్పులు విప్పి వెనక పెట్టి, స్టీరింగు ముందు కూర్చున్నాను.

సూర్యాపేట బజారులో జనం, ఆటోలు, బండ్లు. మాకు పండగ! ఆగుతూ సాగుతూ దాదాపు ఇంజను లేకుండానే బజారు దాటాం. హైవే ఎక్కగానే అన్నయ్య హారన్ కొట్టి, చెయ్యి ఊపి, మమ్మల్ని దాటి దూసుకుపోయాడు. నా కాలు పెడలు మీద బిగుసుకుంది. మామయ్య రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండానే అన్నారు, "పోనియ్యి. ఆయనది ఊరు చేరే పందెం. మనది లీటరు పందెం." నేను కాలు తేలిక చేశాను. కోదాడ దాటాక లారీలు, ట్రాక్టర్లు, గతుకులు. ఎక్కడ కాలు తీయాలో ఆయన చెప్పబోయేలోపే నేను తీస్తున్నాను. హుజూర్‌నగర్ దాటాక గమనించాను, ఆయన చెప్పడం మానేశారు. చేతులు కట్టుకొని కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నారు. నా పక్కన ఆయన అలా కూర్చోవడం అదే మొదలు.

బంకులో అన్నయ్య అప్పటికే చల్లగా చెరకురసం తాగుతున్నాడు. ముందు వాడి బండికి పోశారు. తర్వాత మాది. పంపు టక్కున ఆగగానే వాడు నమ్మక, "ఇంకోసారి నొక్కమ్మా, ఇంకా పడుతుంది" అన్నాడు బంకులో పనిచేసే అమ్మాయితో. పడలేదు. వాడి బండి తాగినదాంట్లో మాది మూడింట రెండు వంతులే తాగింది!

మామయ్య భుజం మీది తువ్వాలు తీసి గాలిలో గిరగిరా తిప్పారు. డెబ్బై దాటిన మనిషి, అందరూ చూస్తుండగా, బంకు మధ్యలో! తర్వాత వెళ్లి అన్నయ్యను కావలించుకున్నారు. "అల్లుడా, నీ బండి ఏం తప్పు జెయ్యలే. నీ కాలే జర తొందరపడ్డది."

"ఒప్పుకున్నాను మామయ్యా. ఆదివారం రండి, కోడి కోయిస్తాను" అన్నాడు వాడు, నవ్వు ఆపుకోలేక.

ఆ తర్వాత మా బడిలో ఎవరు పాత కారు కొనాలన్నా మామయ్యను వెంట తీసుకుపోయేవారు. అన్నింటికీ తలూపేవారు కాదు. వేములపల్లిలో మా తోటి టీచరు ముచ్చటపడ్డ ఒక బండిలో కింద పరిచిన తివాచీ ఎత్తి వాసన చూసి, "నీళ్లల్ల మునిగిన బండి. ముట్టుకోకు బిడ్డా" అని ఆమెను వెనక్కి తీసుకొచ్చేశారు. ఆమె ఇప్పటికీ దండం పెడుతుంది.

నాకు ఆయన నేర్పింది డ్రైవింగే. అంతకుమించి పెద్ద మాటలు వాడితే ఆయనకు నచ్చదు. కాకపోతే ఒకటి చెప్పాలి. సొంతంగా ఎక్కడికైనా వెళ్లగలనన్న ధైర్యం నాకు మా పుట్టింట్లో రాలేదు, చదువుతో రాలేదు, ఉద్యోగంతో రాలేదు. నా పక్క సీట్లో చేతులు కట్టుకొని పొలాలు చూస్తూ కూర్చున్న మనిషి వల్ల వచ్చింది. ఆ సోమవారం తోటి టీచర్లు తాము నడుపుతామన్నా వినకుండా నేనే నడుపుకొని ఇంటికి వచ్చాను.

పెద్దకర్మ అయిన మరునాడు డిపోలో ఆయనతో పనిచేసిన ముగ్గురు డ్రైవర్లు వచ్చారు. అందరూ రిటైరైనవాళ్లే. ఫొటోకు దండం పెట్టుకొని కూర్చున్నాక, వాళ్లలో పెద్దాయన నా వైపు తిరిగారు.

"అమ్మా, గా కరెంటు పుట్టే బండి ఏది? దినాం దాని ముచ్చటే చెప్తుండె. జర ఎక్కిపిస్తవా?"

ముగ్గురినీ ఎక్కించుకొని వేములపల్లి వైపు వెళ్లాను. మొదట బిడియంగా కూర్చున్నారు. బాణం కనిపించేసరికి చిన్నపిల్లలైపోయారు. "మల్లొక్కసారి వెయ్యమ్మా" అని ఒకరు, "నన్ను జర సూడనియ్యవయా" అని ఇంకొకరు. ముందు సీటు కోసం దారి పక్కన రెండుసార్లు ఆపించి మారారు. కాలువ మలుపు దాటగానే రోడ్డు నిండా గొర్రెల మంద ఎదురొచ్చింది. కాపరి చాలా వెనక ఉన్నాడు. నేను ఆపాను. ఇంజను ఎప్పుడో ఆగిపోయింది. చప్పుడు లేని బండికి అవి బెదరలేదు, పక్కలకు పరుగెత్తలేదు. రాయి చుట్టూ నీళ్లు పారినట్టు, తలుపులకు ఒళ్లు రాసుకుంటూ, రెండు వైపులా నింపాదిగా నడిచిపోతున్నాయి. వెనక సీట్లో పెద్దాయన అద్దం దించి చెయ్యి బయటకు పెట్టారు. ఆ ముసలి అరచేతి కింద నుంచి వెచ్చని వీపులు ఒకదాని వెనక ఒకటి సాగిపోతూనే ఉన్నాయి.